వ్యవసాయ కూలీల ప్రమాద నష్టపరిహారం: బీమా రక్షణ, యజమానిపై వ్యయభారం

వ్యవసాయంలో యంత్రాల వాడకం పెరిగినకొద్దీ ప్రమాదాల స్వభావం మారినది. కొడవలి గాయం, గొడ్డు పొడుపు, పాముకాటు మాత్రమే తెలిసిన పొలానికి నూర్పిడి యంత్రం, రోటావేటర్, విద్యుత్ మోటారు, తైవాన్ స్ప్రేయరు వచ్చిచేరాయి. మోపు అందించే కూలీ చేయి నూర్పిడి డ్రమ్ములోకి పోవడం, తిరుగుతున్న షాఫ్టుకు చీర కొంగు చుట్టుకోవడం, ఆయిల్‌పామ్ గెలలు కోసే పొడవాటి లోహపు గెడ విద్యుత్ తీగకు తగలడం నేటి పొలాల్లో కొత్త విషయాలు కావు. ఇటువంటి ప్రమాదం జరిగినప్పుడు కూలీ కుటుంబానికి కలిగే ఆర్థిక నష్టాన్ని ఎవరు భరించాలన్న ప్రశ్నకు చట్టం వంద సంవత్సరాల క్రితమే సమాధానం చెప్పినది. అయితే ఆ సమాధానం పొలం యజమానికి చేరినది తక్కువ. ఎరువు, విత్తనం, కూలి, అద్దె, వడ్డీ అన్నీ చేరే సాగు ఖర్చుల పట్టికలో కూలీల ప్రమాద బీమాకు ఒక వరుస సాధారణంగా కనిపించదు. ఆ వరుస లేకపోవడం వలన ఖర్చు తగ్గదు. అది ప్రమాదం జరిగిన రోున వరకు కనబడకుండా ఉంటుంది, అంతే.

చట్టం నేపథ్యం

పరిశ్రమలలో ప్రమాదాలకు యజమాని తప్పుతో నిమిత్తం లేకుండా పరిహారం చెల్లించాలన్న సూత్రాన్ని జర్మనీ 1884లో ప్రమాద బీమా చట్టం ద్వారా అమలులోకి తెచ్చి, 1886లో వ్యవసాయ, అటవీ కార్మికులకు విస్తరించినది. బ్రిటన్ 1897లో కార్మికుల నష్టపరిహార చట్టం చేసి, 1900లో వ్యవసాయాన్ని అందులో చేర్చినది. వ్యవసాయ కార్మికుల నష్టపరిహారంపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లోనే ప్రత్యేక ఒడంబడికను ఆమోదించినది. భారతదేశంలో వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం 1923లో రూపొంది, 1924 జులై 1 నుండి అమలులోకి వచ్చినది. 2009 సవరణతో దీని పేరు ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టంగా మారినది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి, 2020 లోని 7వ అధ్యాయంలోకి ఈ చట్టం సారాంశం చేరినది. మరణానికి వేతనంలో 50 శాతం, శాశ్వత పూర్తి వైకల్యానికి 60 శాతం, వయస్సును బట్టి గుణకం అన్న మూల పద్ధతిలో మార్పు లేదు. ఇంటి నుండి పనిచోటుకు, పనిచోటు నుండి ఇంటికి ప్రయాణంలో జరిగే ప్రమాదాన్ని కూడా, ఆ ప్రయాణానికీ పనికీ సంబంధం రుజువైనచో, ఉద్యోగ సంబంధ ప్రమాదంగా పరిగణించడం స్మృతిలోని ముఖ్యమైన చేర్పు. ఉదయాన్నే ఆటోలలో, ట్రాలీలలో పది పదిహేను కిలోమీటర్లు ప్రయాణించి వచ్చే కూలీల విషయంలో దీని ప్రభావం చిన్నది కాదు. ఈ వ్యాసంలోని లెక్కలు, సెక్షన్ల సంఖ్యలు దీర్ఘకాలంగా అమలులో ఉండిన 1923 చట్టానికి చెందినవి.

వ్యవసాయంలో ఎవరు ఈ పరిధిలోకి వస్తారు?

ఈ చట్టం ఫ్యాక్టరీలకే వర్తిస్తుందన్న అభిప్రాయం విస్తరణ సిబ్బందిలో కూడా వినవస్తుంది. అది సరికాదు. చట్టం రెండవ షెడ్యూలులో ట్రాక్టరు లేదా యాంత్రిక, విద్యుత్ శక్తితో నడిచే సాధనాలతో చేసే సేద్యం, ఉద్యాన పనులు, అడవుల పెంపకం, తేనెటీగల పెంపకం స్పష్టంగా ఉన్నాయి. పంటలపై పురుగుమందుల పిచికారీ, పొడి మందుల చల్లకం, యంత్రాలతో కోత, నూర్పిడి, బావుల తవ్వకం, బోరు వేయడం, పంపుసెట్ల అమరిక, మరమ్మతు, ట్రాక్టర్లు, పవర్ టిల్లర్లు నడపడం, బాగుచేయడం కూడా వేర్వేరు అంశాలుగా చేరి ఉన్నాయి. భూమి సాగు, పశుపోషణ, చేపల వేట మరొక అంశం. షెడ్యూలులోని అనేక అంశాలకు ఉన్న కనీస కార్మికుల సంఖ్య అన్న షరతును 2009 సవరణ తొలగించినది.

దినకూలీ సంగతి మరింత ముఖ్యమైనది. పూర్వం నిర్వచనంలో అప్పుడప్పుడు పనికి వచ్చే తాత్కాలిక కూలీని మినహాయించే మాటలు ఉండేవి. 2000 సంవత్సరపు సవరణ వాటిని తీసివేసినది. ఒక్క రోజు పనికి వచ్చిన కూలీకి కూడా, ఆ పని షెడ్యూలులో ఉన్నచో, చట్టరక్షణ కలదు. హాజరు పట్టీ లేదు, నియామక పత్రం లేదు అన్న వాదనతో యజమాని బాధ్యత తప్పదు. కూలి ఇచ్చి పని చేయించుకున్నట్లు సాక్ష్యం చాలును. ఇరుగుపొరుగు రైతులు ఒకరి చేలో ఒకరు బదులుకు చేసుకునే పనిలో కూలి ఒప్పందం ఉండదు కనుక అది సాధారణంగా ఈ చట్టం పరిధిలోకి రాదు.

ప్రమాదం "ఉద్యోగం వలన, ఉద్యోగ సమయంలో" జరిగి ఉండాలి. యంత్రపు గాయాల విషయంలో ఇది వివాదం కాదు. పాముకాటు, పిడుగుపాటు, వడదెబ్బ, గుండెపోటు విషయాలలో వివాదం వస్తుంది. మడిలో, చెరకు తోటలో పని చేసేవారిని పాముకాటుకు గురిచేసేది ఆ పని స్వభావమే కనుక కూలీ పక్షపు వాదన బలంగా ఉంటుంది. గుండెపోటు విషయంలో మాత్రం పని ఒత్తిడికీ మరణానికీ కార్యకారణ సంబంధాన్ని సాక్ష్యంతో చూపాలని సుప్రీంకోర్టు 2006లో శకుంతల చంద్రకాంత్ శ్రేష్ఠి కేసులో స్పష్టం చేసినది. మే నెల మధ్యాహ్నపు ఎండలో మిరప కల్లంలో కుప్పకూలిన కూలీ విషయంలో ఆసుపత్రి పత్రాలు, ఆ రోజు చేసిన పని వివరాలు ఎంత అవసరమో దీనిని బట్టి గ్రహించవచ్చును.

పురుగుమందుల విషప్రభావం రెండు విధాలుగా చట్టంలోకి వస్తుంది. పిచికారీ చేస్తుండగా మందు పీల్చి లేక చర్మం ద్వారా సోకి అప్పటికప్పుడు పడిపోతే అది ప్రమాదం. దీర్ఘకాలపు విషప్రభావమైతే మూడవ షెడ్యూలులోని వృత్తివ్యాధుల జాబితాను చూడాలి. భాస్వరపు విష సమ్మేళనాల వలన కలిగే వ్యాధులు అందులో ఉన్నాయి. అయితే ఆ భాగంలోని వ్యాధులకు ఒకే యజమాని వద్ద కనీసం ఆరు నెలలు ఎడతెగకుండా పని చేసి ఉండాలన్న షరతు కలదు. ఈ వారం ఒకరి పత్తిచేలో, వచ్చే వారం మరొకరి మిరప తోటలో మందు కొట్టే కూలీ ఈ షరతును ఎన్నటికీ నెరవేర్చలేడు. చట్టం ఫ్యాక్టరీ కార్మికుని దృష్టిలో ఉంచుకొని రాసినదని తెలిసేది ఇటువంటి చోట్లనే.

యజమాని ఎవరు?

సొంతంగా కూలీలను పిలిచి, పని చెప్పి, కూలి ఇచ్చే రైతు యజమాని అనడంలో సందేహం లేదు. కౌలు భూమిలో ఆ స్థానం కౌలుదారుది. భూమి పట్టా ఎవరి పేర ఉన్నదన్నది ఇక్కడ ప్రశ్న కాదు. కూలీని పెట్టుకున్నది ఎవరన్నదే ప్రశ్న. పంటపై హక్కు పత్రం కూడా లేని కౌలురైతుపై నష్టపరిహార బాధ్యత మాత్రం పూర్తిగా ఉంటుంది.

గుత్త పనులలో చిక్కు ఎక్కువ. ఎకరాకు ఇంత అని నాట్లు, కోతలు ముఠాకు అప్పగించినప్పుడు మేస్త్రి కాంట్రాక్టరు అవుతాడా, అతడు కూడా కూలీలలో ఒకడేనా అన్నది ఒప్పందాన్ని బట్టి తేలుతుంది. మేస్త్రి కాంట్రాక్టరే అనుకున్నా 12వ సెక్షన్ ప్రకారం, తన వ్యాపారంలో సాధారణంగా భాగమైన పనిని కాంట్రాక్టరు ద్వారా చేయించుకున్న అసలు యజమాని నుండి కూలీ నేరుగా పరిహారం కోరవచ్చును. చెల్లించిన తరువాత యజమాని ఆ సొమ్మును కాంట్రాక్టరు నుండి రాబట్టుకోవచ్చును. ముఠా మేస్త్రి నుండి లక్షలు రాబట్టుకోవడం కాగితం మీది హక్కు మాత్రమే. విత్తనోత్పత్తి కంపెనీ, ఆర్గనైజరు, రైతు, క్రాసింగ్ కూలీ అన్న నాలుగు అంచెల ఏర్పాటులో కూడా ఈ ప్రశ్నే వస్తుంది. పరిశోధన స్థానాలలో కాంట్రాక్టరు ద్వారా వచ్చే క్షేత్ర కూలీల విషయమూ ఇంతే. కాంట్రాక్టరు వద్ద బీమా పాలసీ ఉన్నదా, దాని గడువు ముగియలేదా అని టెండరు దశలోనే చూసుకోవడం సంస్థకు మేలు.

పొరుగు జిల్లాల నుండి అద్దెకు వచ్చే వరికోత యంత్రం విషయంలో డ్రైవరు, సహాయకులు యంత్ర యజమాని మనుషులు. వడ్లు పట్టడానికి, గట్టు పక్కల కోయడానికి రైతు పెట్టుకున్న కూలీలు రైతు మనుషులు. ఒకే ప్రమాదంలో ఇద్దరు గాయపడితే ఇద్దరికీ యజమానులు వేరు, పాలసీలు వేరు.

పరిహారపు లెక్క

మరణానికి నెల వేతనంలో 50 శాతాన్ని వయస్సుకు సంబంధించిన గుణకంతో హెచ్చవేస్తారు. శాశ్వత పూర్తి వైకల్యానికి 60 శాతం తీసుకుంటారు. కనీస మొత్తాలు వరుసగా 1,20,000, 1,40,000 రూపాయలు. లెక్కకు తీసుకునే నెల వేతనపు గరిష్ఠ పరిమితి 2010 మే 31 నుండి 8,000 రూపాయలు కాగా, 2020 జనవరి 3 నుండి 15,000 రూపాయలు. ఈ ఒక్క మార్పుతో గరిష్ఠ బాధ్యత దాదాపు రెట్టింపైనది. పాత పరిహారపు మొత్తాలనే మనసులో ఉంచుకున్న యజమానులు ఈ సంగతి గమనించవలసి ఉన్నది.

నాలుగవ షెడ్యూలు ప్రకారం గుణకం 20 ఏళ్లకు 224.00, 30 ఏళ్లకు 207.98, 40 ఏళ్లకు 184.17, 55 ఏళ్లకు 135.56. నెలకు 15,000 రూపాయల లెక్కన మరణ పరిహారం 20 ఏళ్ల వ్యక్తికి 16,80,000, 40 ఏళ్ల వ్యక్తికి 13,81,275, 55 ఏళ్ల వ్యక్తికి 10,16,700 రూపాయలు అవుతుంది. ఇవికాక అంత్యక్రియల ఖర్చు 5,000 రూపాయలకు తగ్గకుండా చెల్లించాలి.

పాక్షిక వైకల్యానికి మొదటి షెడ్యూలులో సంపాదనశక్తి నష్టపు శాతాలు ఉన్నాయి. బొటనవేలు పోతే 30, ఒక చేతి నాలుగు వేళ్లు పోతే 50, చేయి మణికట్టు వద్ద పోతే 60, చూపుడువేలు పూర్తిగా పోతే 14, రెండవ కన్ను బాగుండి ఒక కన్ను పోతే 40 శాతం. వీటిలో నూర్పిడి యంత్రం, గడ్డి కోసే యంత్రం, చెరకు గానుగ చేసే గాయాలే ఎక్కువ కనిపిస్తాయి. నెలకు 12,000 రూపాయల వేతనం గల 30 ఏళ్ల కూలీ చేయి పోయినదనుకుంటే, వేతనంలో 60 శాతం 7,200 రూపాయలు. దానిని 207.98తో హెచ్చవేస్తే 14,97,456 రూపాయలు. అందులో 60 శాతం 8,98,474 రూపాయలు.

అయితే షెడ్యూలు శాతమే అంతిమం కాదు. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో ఎడమచేయి మోచేతి పైన తీసివేయబడిన వడ్రంగి ఇక వడ్రంగి పని చేయలేడు కనుక అతని నష్టాన్ని పూర్తి వైకల్యంగానే సుప్రీంకోర్టు పరిగణించినది. ఒక చేయి పోయిన కల్లుగీత కార్మికుడు, ట్రాక్టరు డ్రైవరు, కొబ్బరి దింపు కార్మికుడు ఇదే వాదన చేయవచ్చును. అప్పుడు పై ఉదాహరణలోని యజమాని బాధ్యత 8,98,474 నుండి 14,97,456 రూపాయలకు పెరుగుతుంది.

తాత్కాలిక వైకల్యానికి పదిహేను రోజులకొకసారి నెల వేతనంలో 25 శాతం చెల్లించాలి. మూడు రోజులకు మించని వైకల్యానికి పరిహారం లేదు. వైద్యానికి అయిన అసలు ఖర్చును యజమాని తిరిగి చెల్లించాలని 2009 సవరణ చేర్చినది.

దినకూలీ నెల వేతనం ఎలా నిర్ణయించాలన్నది తరచు వచ్చే సందేహం. యజమాని వద్ద రెండు రోజులే చేశాడు కనుక రెండు రోజుల కూలియే వేతనమన్న వాదన చెల్లదు. నెలకు తక్కువ కాలం పని చేసినవారి విషయంలో అదే పని చేసే మరొక కార్మికుడు అదే యజమాని వద్ద, లేదా అదే ప్రాంతంలో నెలకు సగటున ఎంత సంపాదిస్తాడో దానిని తీసుకోవాలని 5వ సెక్షన్ చెబుతున్నది.

ఆలస్యపు ఖరీదు

పరిహారం ప్రమాదం జరిగిన రోజునే బాకీ అవుతుందని పై కేసులోనే సుప్రీంకోర్టు చెప్పినది. నెలలోగా చెల్లించనిచో 4-ఎ సెక్షన్ ప్రకారం ఏటా 12 శాతం సాధారణ వడ్డీ, సరైన కారణం లేని ఆలస్యానికి 50 శాతం వరకు జరిమానా అదనం. చేయి పోయిన కూలీ ఉదాహరణనే తీసుకుంటే, కేసు నాలుగేళ్లు నడిస్తే వడ్డీ 4,31,268 రూపాయలు. పూర్తి జరిమానా పడితే మరో 4,49,237 రూపాయలు. మొత్తం 17,78,979 రూపాయలు. అసలుకు దాదాపు రెట్టింపు.

గ్రామాలలో ఈ భారాన్ని తప్పించుకోవడానికి అనుసరించే మార్గం పెద్దమనుషుల ఒప్పందం. కూలీ మరణిస్తే శవాన్ని లేపకముందే పంచాయతీ పెట్టి, ఒక మొత్తానికి కుటుంబాన్ని ఒప్పించి, ఇక ఏ హక్కూ కోరబోమని కాగితం రాయించుకుంటారు. ఇరుపక్షాలూ ఆ కాగితంతో వ్యవహారం ముగిసినదనుకుంటాయి. చట్టం దృష్టిలో అది ముగియలేదు. మరణ పరిహారాన్ని కమిషనరు వద్ద జమ చేయాలి తప్ప నేరుగా కుటుంబానికి ఇచ్చిన సొమ్ము పరిహారపు చెల్లింపు కాదని 8వ సెక్షన్ చెబుతున్నది. ఆ కుటుంబానికి అడ్వాన్సుగా ఇచ్చినదానిలో మూడు నెలల వేతనానికి సమానమైన మొత్తాన్ని మాత్రమే తరువాత మినహాయిస్తారు. హక్కు వదులుకుంటున్నట్లు రాసే ఒప్పందం 17వ సెక్షన్ ప్రకారం చెల్లదు. కుటుంబం రెండు సంవత్సరాలలోగా దరఖాస్తు చేసుకుంటే, పంచాయతీలో లక్షలు ఇచ్చిన రైతు మళ్లీ మొదటి నుండి చెల్లించవలసి రావచ్చును. ఈ నిబంధన రైతును శిక్షించడానికి పెట్టినది కాదు. భర్తను కోల్పోయి దిక్కుతోచని స్థితిలో ఉన్న స్త్రీ చేతికి వచ్చిన సొమ్ము అప్పులవారి పాలు, బంధువుల పాలు కాకుండా, ఆమెకూ పిల్లలకూ వేర్వేరుగా భాగాలు పంచి భద్రపరచడం దీని ఉద్దేశ్యం. సదుద్దేశ్యంతో ఎక్కువ మొత్తమే ఇచ్చిన రైతు కూడా, ఇచ్చిన విధానం సరికాకపోవడం వలన నష్టపోతాడన్నది విస్తరణ సిబ్బంది గ్రామాలలో తప్పక చెప్పవలసిన విషయం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కార్మికశాఖ అధికారులే కమిషనర్లుగా వ్యవహరిస్తారు.

యజమానికి ఉన్న మినహాయింపులు పరిమితం. మద్యం మత్తు, భద్రతా నియమాన్ని బుద్ధిపూర్వకంగా ధిక్కరించడం, రక్షణ కవచాన్ని తెలిసి తొలగించడం వలన గాయపడినట్లు రుజువు చేస్తే బాధ్యత తప్పవచ్చును. కాని మరణం, శాశ్వత పూర్తి వైకల్యం సంభవించినప్పుడు ఈ మినహాయింపులు పనికిరావు. పని వేగం కోసం యజమానే మేత కోత యంత్రపు గార్డును విప్పివేసిన చోట వీటి ప్రస్తావనకే తావు లేదు.

బీమా పాలసీ, ప్రీమియం

పై బాధ్యతను బీమా సంస్థకు బదిలీ చేసే సాధనమే ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ. సాధారణ బీమా సంస్థలు దీనిని అమ్ముతాయి. ఇది కూలీ పేర తీసుకునే ప్రమాద బీమా కాదు. యజమాని చట్టబద్ధ బాధ్యతకు బీమా. ఈ తేడా తెలియక రెండింటినీ ఒకటిగా భావించడం పరిపాటి.

ప్రీమియానికి ఆధారం ఏడాదిలో చెల్లించబోయే మొత్తం వేతనాల అంచనా. పని రకాన్ని బట్టి వెయ్యి రూపాయల వేతనానికి ఇంత అని రేటు ఉంటుంది. తోట కాపలాకు ఒక రేటు, చెట్లెక్కే పనికి మరొక రేటు, యంత్రాల పనికి ఇంకొకటి. సంస్థను బట్టి, గత క్లెయిముల చరిత్రను బట్టి రేట్లు మారతాయి. వైద్య ఖర్చులు, కాంట్రాక్టరు కూలీలు, వృత్తివ్యాధులు సాధారణంగా అదనపు ప్రీమియంతో చేర్చుకోవలసిన అంశాలు. వీటిని అడిగి చేర్చుకోనిచో పాలసీలో ఉండకపోవచ్చును. వ్యవసాయానికి కాంట్రాక్టరు కూలీల చేర్పు లేని పాలసీ సగం పాలసీయే.

ఒక మామిడి తోటను ఉదాహరణగా చూడవచ్చును. నెలకు 12,000 రూపాయల వేతనంతో ఆరుగురు శాశ్వత పనివారు ఉంటే ఏడాదికి 8,64,000 రూపాయలు. పిచికారీ, కత్తిరింపు, కోతలకు రోజుకు 500 రూపాయల చొప్పున 1,200 పనిదినాలకు 6,00,000 రూపాయలు. మొత్తం వేతనాలు 14,64,000 రూపాయలు. సగటు రేటు వెయ్యికి 15 రూపాయలని కేవలం లెక్క కోసం అనుకుంటే ప్రీమియం 21,960 రూపాయలు, 18 శాతం జి.ఎస్.టి.తో 25,913 రూపాయలు. అనగా 500 రూపాయల కూలిపై 8 రూపాయల 85 పైసలు. ఇది వేతన ఖర్చులో 1.77 శాతం. పాలసీ లేని ఇదే తోటలో ఒక కూలీ చేయి పోతే వచ్చే బాధ్యత, వడ్డీ లేకుండానే, సుమారు 35 ఏళ్ల ప్రీమియానికి సమానం. ముప్పై అయిదేళ్లలో ఒక్క చేయి కూడా పోని తోటలు ఉన్నాయి. కాని తన తోట వాటిలో ఒకటని ముందుగా చెప్పగలిగిన యజమాని లేడు.

వేతనాలను తక్కువ చూపి ప్రీమియం తగ్గించుకోవడం తెలివైన పనిగా కొందరికి తోచును. ఆరుగురి బదులు ముగ్గురిని చూపిన పాలసీలో నాలుగవ వ్యక్తికి ప్రమాదం జరిగితే సంస్థ మొదట అడిగేది ముస్టర్ రోలునే. ఏడాది చివర అసలు వేతనాలను తెలిపి ప్రీమియాన్ని సర్దుబాటు చేసుకునే పద్ధతి పాలసీలోనే ఉంటుంది కనుక అంచనాను నిజానికి దగ్గరగా ఇవ్వడంలో నష్టం లేదు. కూలీల పేర్లు, వయస్సు, పని రకం, చెల్లించిన కూలి రాసిన ఒక చిన్న పుస్తకం ఇందుకు చాలును.

పాలసీ ఉన్నంత మాత్రాన సమస్తం బీమా సంస్థ చెల్లిస్తుందనుకోరాదు. ఆలస్యానికి విధించే జరిమానా యజమాని సొంత తప్పునకు శిక్ష కనుక అది బీమా సంస్థ బాధ్యత కాదని సుప్రీంకోర్టు 1997లో వేద్ ప్రకాశ్ గర్గ్ కేసులో తేల్చినది. వాహన బీమాకు సంబంధించిన ఆ కేసులో వడ్డీని మాత్రం బీమా సంస్థే చెల్లించాలన్నది. కాని ఈ చట్టం కింద విడిగా తీసుకునే పాలసీలో వడ్డీని మినహాయించే షరతు పెట్టుకోవచ్చునని 2006లో హర్షద్‌భాయ్ మోధియా కేసులో అదే న్యాయస్థానం చెప్పినది. పాలసీ పత్రంలో వడ్డీకి సంబంధించిన షరతును సంతకానికి ముందే చదువుకోవాలి. ప్రమాదం జరిగిన వెంటనే సంస్థకు వ్రాతపూర్వకంగా తెలపడం యజమాని పని. ఆలస్యంగా తెలిపితే వడ్డీతో పాటు తగవు కూడా పెరుగుతుంది.

ట్రాక్టరు, ట్రాలీ

ట్రాక్టరుకు వాహన బీమా ఉన్నది కనుక దానిపై ఎక్కిన కూలీలందరికీ రక్షణ ఉన్నదన్న భ్రమ చాలా ప్రమాదకరమైనది. మోటారు వాహనాల చట్టం 147వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి బీమాలో డ్రైవరుకు సంబంధించిన నష్టపరిహార బాధ్యత ఇమిడి ఉంటుంది. మడ్‌గార్డుపై కూర్చున్నవారికి, ట్రాలీలో ప్రయాణించే కూలీలకు ఆ విధంగా ఉండదు. 2007లో బ్రిజ్ మోహన్ కేసులో ట్రాలీలోని కూలీ విషయంలో బీమా సంస్థకు బాధ్యత లేదని సుప్రీంకోర్టు తేల్చి, కూలీ పేదరికాన్ని దృష్టిలో ఉంచుకొని తన ప్రత్యేక అధికారంతో సంస్థ ముందుగా చెల్లించి ట్రాక్టరు యజమాని నుండి రాబట్టుకోవాలని ఆదేశించినది. అంతిమంగా భారం యజమానిదే.

ఇ.ఎస్.ఐ.తో సంబంధం

ఇ.ఎస్.ఐ. వర్తించే కార్మికునికి ఈ చట్టం కింద విడిగా పరిహారం ఉండదు. అక్కడ యజమాని వేతనంలో 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం చెల్లిస్తారు. వేతన పరిమితి 21,000 రూపాయలు. పొలంపై ఇ.ఎస్.ఐ. సాధారణంగా ఉండదు. చిక్కు వ్యవసాయాధారిత పరిశ్రమలలో వస్తుంది. పత్తి జిన్నింగు, ప్రెస్సింగు, వేరుశనగ కాయలు ఒలవడం, బెల్లం, చక్కెర తయారీ మాత్రమే చేసే కర్మాగారాలను ఇ.ఎస్.ఐ. చట్టం సీజనల్ ఫ్యాక్టరీలుగా మినహాయించినది. అందువలన ఆదిలాబాద్, గుంటూరు ప్రాంతాల జిన్నింగు మిల్లులలో బెల్టుకు, రోలరుకు బలయ్యే కార్మికుని రక్షణ 1923 చట్టం నుండే రావలసి ఉన్నది. ఏడాది పొడవునా నడిచే రైస్‌మిల్లులో పదిమంది లేదా అంతకు మించి ఉంటే పరిస్థితి వేరు. రెండు మిల్లులూ ఒకే ఊరిలో, ఒకే యజమానివైనా సరే.

ప్రభుత్వ పథకాలు ప్రత్యామ్నాయం కావు

ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కింద ప్రమాద మరణానికి, పూర్తి వైకల్యానికి 2 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి 1 లక్ష రూపాయలు లభిస్తాయి. 18 నుండి 70 ఏళ్ల వయస్సు గల ప్రతి కూలీ ఇందులో చేరడం అవసరమే. కాని అది కూలీ సొంత బీమా. దానివలన యజమాని చట్టబద్ధ బాధ్యత ఒక్క రూపాయి కూడా తగ్గదు. తెలంగాణలో 2018లో ప్రారంభమైన రైతుబీమా పట్టాదారు రైతు మరణానికి 5 లక్షలు ఇచ్చే పథకం. భూమి లేని కూలీకి దానిలో చోటు లేదు.

నూర్పిడి యంత్రాల ప్రమాదాలు దేశవ్యాప్తంగా చర్చకు వచ్చిన తరువాత 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం వచ్చినది. యంత్రంపై పని చేస్తూ మరణించిన, గాయపడిన కార్మికులకు పరిహారం కూడా దాని ఉద్దేశ్యాలలో ఒకటి. వ్యవసాయ ఇంజనీరింగు విద్యార్థులు దీనిని మేత తొట్టి పొడవు, కప్పు కొలతల చట్టంగానే చదువుతారు. పరిహారపు భాగం పాఠంలోకి రావడం అరుదు.

చిన్న రైతు ఇబ్బంది

రెండెకరాల కౌలురైతుకూ వందల ఎకరాల కంపెనీకీ ఈ చట్టం ఒకే బాధ్యత విధిస్తున్నది. కూలీ వైపు నుండి చూస్తే ఇది న్యాయమే. పోయిన చేయి విలువ యజమాని ఆస్తిని బట్టి మారదు. కాని తొమ్మిది లక్షలు చెల్లించవలసిన కౌలురైతు వద్ద ఆ సొమ్ము ఉండదు. ఆస్తి లేని యజమానిపై వచ్చిన ఉత్తర్వు కూలీకి కూడా కాగితమే. బీమా లేని చోట ఈ చట్టం ఇద్దరికీ ఉపయోగపడదు.

ఇంతవరకు ఈ పాలసీలు ఎక్కువగా కంపెనీలకు, కాంట్రాక్టర్లకు అనుగుణంగా రూపొందినవి. ఏడాదిలో నలభై యాభై పనిదినాలు మాత్రమే కూలీలను పెట్టుకునే రైతుకు విడి పాలసీ తీసుకోవడం, వేతనాల లెక్క పంపడం శ్రమతో కూడిన పని. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు తమ సభ్యులందరినీ బీమాదారులుగా చేర్చి, పంటను, ఎకరాలను బట్టి కూలీ వేతనాలను అంచనా వేసి ఒకే పాలసీగా సంప్రదించవచ్చును. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. యజమాని సంఘం కాదు, సభ్య రైతు. పాలసీలో సంఘం పేరు మాత్రమే ఉంటే సభ్యుని కూలీకి జరిగిన ప్రమాదానికి అది వర్తించదు. సభ్యుల జాబితా, కౌలుదారుల పేర్లతో సహా, పాలసీకి జతచేయబడి ఉండాలి.

ఇందుకు కావలసిన వేతన అంచనా వ్యవసాయ విశ్వవిద్యాలయాల వద్ద సిద్ధంగానే ఉన్నది. సాగు వ్యయ అధ్యయనాలలో ప్రతి పంటకు, ప్రతి పనికి ఎకరాకు ఎన్ని పనిదినాలు అవసరమో నమోదవుతుంది. పిచికారీ, నూర్పిడి, చెట్టెక్కే పని వంటి అధిక ప్రమాద పనుల దినాలను ఆ పట్టికల నుండి వేరుచేసి చూపితే, బీమా సంస్థ రేటు నిర్ణయించడానికి, సంఘం ఎకరాకు ఇంత అని సభ్యుల నుండి వసూలు చేయడానికి ఆధారం ఏర్పడుతుంది. వేతనంతో పాటు కూలీల వయస్సు కూడా నమోదైనచో గుణకం లెక్కించి సగటు బాధ్యతను చూపవచ్చును. ప్రస్తుత పట్టికలలో పనిదినాలు పురుషులు, స్త్రీలు అని విడిపోతాయి కాని వయస్సును బట్టి, పని ప్రమాదాన్ని బట్టి విడిపోవు.